మైకులో పలికిన పేరు

నల్లగుట్టపల్లె, మక్తల్ తాలూకా
మాఘ మాసం, 1961

బావకు జానమ్మ నమస్కారాలు. ఇక్కడ అత్తమ్మ, నేను, బుడ్డి, మరిది సాయిలు, ముప్పై ఆరు గొర్రెలు, అందరం బాగానే ఉన్నాం. కొండమీది దవాఖానలో నువ్వు కూడా వేళకు తింటున్నావని, దగ్గు నెమ్మదించిందని తలుచుకుంటూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఉత్తరంలో భర్తను 'మీరు' అని రాయాలని చిన్నప్పుడు మా ఊరి రాత్రి బడిలో నేర్పారు. అట్లా రాస్తే నువ్వు నాకు పట్వారీలాగా కనిపిస్తావు, ఇక మాట సాగదు. అందుకని నోటితో అన్నట్టే 'నువ్వు' అని రాస్తాను. ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం పోయిన మంగళవారం అందింది. విప్పి చూస్తే రాత ఎప్పుడూ నీకు రాసిపెట్టే రామచంద్రం సారుది కాదు. మొదటి వరుస చదివేదాకా ఎవరు రాశారో తెలియలేదు. పక్క మంచం సారు దగ్గర కూర్చుని పద్నాలుగు నెలల్లో నువ్వే అక్షరాలు నేర్చావంటే సంతోషం పట్టలేకపోయాను. నీ వరుసలు గొర్రెలు గుట్ట దిగినట్టు వంకర టింకరగా ఉన్నాయి కానీ ఒక్కటీ తప్పిపోలేదు. ఇక నుంచి నా ఉత్తరాలు కూడా నువ్వే చదువుకుంటావు కదా, అందుకే పెద్దగా రాస్తున్నాను. ఇన్నాళ్లూ సారు చదివి వినిపిస్తాడని ఎన్నో మాటలు మింగేశాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు చెబుతాను. వాన సంక్రాంతి ముందు ఒక్క జల్లు పడింది, అంతే. జొన్న చేతికొచ్చింది, తిండికి చాలుతుంది. కుంటి గొర్రె ఈనింది, ఆడపిల్ల. నీ గొంగడిని ఎండలో వేసి దులిపి దండెం మీద పెట్టాను, ఎవరినీ కప్పుకోనివ్వలేదు. నేను తింటున్నానా అని అడిగావు. తింటున్నాను. బుడ్డి నిన్ను అడుగుతుందా అని కూడా అడిగావు. దానికి కాస్త ఆగు.

ఇక చివర్లో అడిగిన దానికి. డాక్టర్లు ఛాతీ కోసి రెండు మూడు పక్కటెముకలు తీసేస్తే జబ్బున్న ఊపిరితిత్తికి విశ్రాంతి దొరుకుతుందని చెప్పారన్నావు. అందరికీ నయం కాదనీ, నీకు కావచ్చనీ అన్నారు. కాగితం మీద సంతకం పెట్టమంటే, "మా ఇంట్ల అడిగి పెడ్తా" అని వచ్చేశావట. జానమ్మ సరే అంటేనే పెడతానని రాశావు. బావా, ఇంత పెద్ద బరువు నా నెత్తి మీద పెట్టావు. దీనికి జవాబు రాద్దామని నాలుగుసార్లు కూర్చున్నాను. అయితే జవాబుకు ముందు నీకు ఒక సంగతి చెప్పి తీరాలి. అది చెప్పాలంటే మక్తల్ జాతర గురించి చెప్పాలి. నీ ఉత్తరం రావడానికి సరిగ్గా ఒక రోజు ముందు మేం జాతరకు పోయి వచ్చాం.

ఈసారి జాతరలో పంచాయతీ సమితి వాళ్లు పశువుల ప్రదర్శన పెట్టారు. మంచి పొట్టేలుకు బహుమతి ఇస్తారని విన్న దగ్గర నుంచి సాయిలు కాళ్లు నేల మీద నిలవలేదు. మన నల్ల పొట్టేలును వాగులో రెండుసార్లు కడిగాడు. అత్తమ్మ దాని మెడకు నల్లతాడు కట్టి, దిష్టి తీసి, "నా కొడుకు సాదిన జీవం, ఎవ్వని కన్ను బడొద్దు" అంది. మన వాడలో రెండు బండ్లు కట్టారు. నర్సింగమ్మ బండిలో జాగా ఉంది, నా కళ్లతో చూశాను. ఎక్కబోతే, "జాగ లేదే పిల్లా, జొన్న సంచులు పెట్టాలె" అంది. జాతరకు జొన్నలెందుకో ఆమెకే తెలియాలి. నీకొచ్చిన జబ్బు మాకూ అంటుకుని ఉంటుందని ఆమె భయం. చల్లకు కూడా మన గడప తొక్కడం మానేసి ఏడాది అయింది. నడిచాం. గొర్రెలోళ్లకు నడక కొత్తా?

జాతర ఎట్లుంటుందో నీకు చెప్పేదేముంది. దుమ్ము, బొరుగులు, గాజులు, రంగులరాట్నం, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. కొత్తగా వచ్చింది మైకు. పెద్ద డేరా మీద రెండు గొట్టాలు కట్టి, ఒకాయన పొద్దంతా ఎరువుల గురించి, టీకాల గురించి అరుస్తూనే ఉన్నాడు. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చాడట. ఆయన మాట సగం మనవాళ్లకు అర్థం కాదు, మన మాట సగం ఆయనకు అర్థం కాదు.

పశువుల వరుసలు వాగు అవతల. ఖాకీ ప్యాంటు ఆఫీసరు ఒకాయన వచ్చి మన పొట్టేలు పళ్లు చూశాడు, టేపుతో ఛాతీ కొలిచాడు, వీపు మీద వేళ్లు పెట్టి బొచ్చు విడదీశాడు. అంతా బాగుంది కానీ నల్ల బొచ్చుకు ముందు ముందు గిరాకీ ఉండదు, తెల్ల గొర్రెలు సాకండి అన్నాడు. అత్తమ్మ ఊరుకుంటుందా? "తెల్ల గొంగడి ఎవడు కప్పుకుంటడు సారు? ఒక్క వాన బడితె ఎలుగ్గొడ్డుకు సున్నమేసినట్లుంటది" అంది. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు, ఆఫీసరు కూడా నవ్వాడు. మన పొట్టేలుకు రెండో బహుమతి వచ్చింది. ఇనుప బకెట్టు ఇచ్చారు. సాయిలు దాన్ని తల మీద బోర్లించుకుని వరుసంతా తిరిగాడు. ఆ నవ్వుల మధ్య నువ్వు లేవన్న సంగతి నాకు ఒక్కసారిగా గుండెల్లో గుచ్చుకుంది. ఆ పొట్టేలును పాలు పట్టి బతికించింది నువ్వు. అందరూ సాయిలు వీపు తడుతుంటే చూడలేక, బుడ్డి చేయి పట్టుకుని వాగు దాటి దుకాణాల వైపు వచ్చేశాను.

అక్కడ ఎటు చూసినా జంటలే. భుజం మీద పిల్లను ఎక్కించుకున్న మగవాళ్లు, వెనక కొంగు నోట్లో పెట్టుకుని నవ్వుతూ నడిచే ఆడవాళ్లు. రెండేళ్ల కింద మనమూ అట్లాగే వచ్చాం. గాజులామె నన్ను పిలిచి కూర్చోబెట్టింది. "మీ ఇంటాయిన యాడున్నడే, ఒక్కదానివే వచ్చినవు?" అంది. దవాఖానలో అంటే నా చేయి వదిలేస్తుందని, "ఎనకొస్తుండు" అని అబద్ధం చెప్పాను. ఆమె ఎర్ర గాజులు ఎక్కిస్తుంటే ఆ అబద్ధం నాకే నిజమనిపించింది. కాసేపు నిజంగానే నువ్వు వెనక వస్తున్నట్టు కూర్చున్నాను. రెండో చేయి చాపమంది. చాపడానికి బుడ్డి చేయి ఎప్పుడు వదిలానో నాకు తెలియదు. లేచి చూస్తే బుడ్డి లేదు.

గాజుల దుకాణాలు వెతికాను, బొరుగుల బండ్లు వెతికాను, రంగులరాట్నం కింద వంగి చూశాను. మన ఊరివాళ్లు ఒక్కరూ కనిపించలేదు. వాగు అవతలికి పోయి అత్తమ్మను పిలుచుకొద్దామంటే, ఈలోపు పిల్ల ఏ బండి కింద పడుతుందో అని భయం. ఎవరో ఆడమనిషి నా రెక్క పట్టుకుని మైకు డేరాకు తోలుకుపోయింది.

గుంటూరాయన మంచివాడే. మంచినీళ్లు ఇచ్చి, "పాప పేరు చెప్పమ్మా" అన్నాడు. యాదమ్మ అని చెప్పాను. మైకులో రెండుసార్లు పిలిచాడు. ఎవరూ రాలేదు. నిజానికి మనం దాన్ని పుట్టినప్పటి నుంచి బుడ్డి అనే పిలుస్తున్నాం, యాదమ్మ అంటే తానే అని దానికి తెలియదు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. "తండ్రి పేరు చెప్పండి, పేరు వింటే మీవాళ్లెవరైనా గుర్తుపడతారు" అన్నాడు.

నేను నోరు తెరిచి మూశాను. పక్కనున్న పెద్దమనిషి, "మొగని పేరు అనొద్దు గదా సారు, గుర్తులు జెప్తది, మీరు అందుకోండ్రి" అన్నాడు. సరేనని చెప్పాను. వేపచెట్టు కింద ఉండే తల్లి పేరు ముందు వస్తుంది, చివర శివుని పేరు వస్తుంది అన్నాను. గుంటూరాయన ఆలోచించి, "పోలేరమ్మ తల్లా? పోలేశ్వరరావా?" అన్నాడు. మన దగ్గర ఆ తల్లి ఎవరో, ఆ రావు ఎవరో! పెద్దమనిషి, "మైసయ్యనా పిల్లా?" అన్నాడు. కాదన్నాను. "పోచయ్యనా?" కాదన్నాను. డేరా ముందు గుంపు చేరింది. ఒక్కొక్కరు ఒక్కో పేరు అంటున్నారు, కొందరికి అది ఆటలాగా ఉంది. పొద్దు వాలుతోంది. బుడ్డి ఎక్కడో ఏడుస్తోంది. నేను అక్కడ నిలబడి పొడుపుకథలు విప్పిస్తున్నాను.

గుంటూరాయన విసుగెత్తి మైకు నా మొహం ముందు పెట్టి, "అమ్మా, మీ మొహమాటం తర్వాత. మీకు మొగుడి పేరు కావాలా, బిడ్డ కావాలా?" అన్నాడు.

బావా, ఇదే నీకు చెప్పాల్సింది. నీ పేరు అన్నాను. మొగుని పేరు నోట పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని పెళ్లి పీటల మీద మా అవ్వ నా చెవిలో చెప్పింది, నీకు జబ్బు చేశాక అత్తమ్మ నూరుసార్లు చెప్పింది. అయినా అన్నాను. ఒక్కసారి కాదు, మూడుసార్లు. మొదటిసారి అన్నది మైకుకు కూడా అందలేదు. రెండోసారి గొట్టాల్లోంచి నా గొంతే నాకు వినిపించింది. మూడోసారి అరిచాను. అది బిడ్డ కోసం అరిచినట్టు లేదు. పద్నాలుగు నెలలుగా లోపల అణిచిపెట్టుకున్నదంతా ఆ ఒక్క పేరులో బయటపడింది. నిన్నే పిలిచాను.

అప్పుడు ఏం జరిగిందో తెలుసా? ముగ్గురు వచ్చారు. నీ పేరున్నవాళ్లే ముగ్గురు. మొదట ఒక చెప్పులు కుట్టేవాడు వచ్చి, "నన్నెవలు పిలిచిండ్రు?" అన్నాడు. తర్వాత ఒక పడుచువాడు, తాగి ఉన్నాడు, "నేనే, నేనే" అంటూ వచ్చాడు. చివరికి గొంగడి భుజాన వేసుకుని ఒక ముసలాయన వచ్చాడు. నువ్వు ఎక్కడున్నావో నాకు తెలుసు. కొండ దిగి రాలేవని తెలుసు. అయినా డేరా తెర లేచిన ప్రతిసారీ మెడ ఎత్తి చూశాను. మూడుసార్లు చూశాను బావా. ఆ మూడుసార్లు పడ్డ బాధ నువ్వు దవాఖానకు పోయిన రోజున కూడా పడలేదు.

బుడ్డిని ఆ ముసలాయనే వెతికి తెచ్చాడు. ఎక్కడో కాదు, డేరాకు ఇరవై అడుగుల దూరంలో మిఠాయి బండి చక్రం పట్టుకుని నిలబడి ఉందట. మైకులో పేర్లన్నీ విన్నదట. ఆయన మొదట నీ పేరు చెప్పి, "ఆయిన బిడ్డవు నువ్వేనా?" అని అడిగితే, "గాదు. నేను బాపు బిడ్డను" అన్నదట. "మీ బాపు పేరేంది?" అంటే, "బాపుకు పేరుంటదా?" అని ఆయన్నే ఎదురు అడిగిందట. ముసలాయన ఈ మాట చెప్పి నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు.

ఆలోచిస్తే తప్పు ఎవరిది? నేను ఎన్నడూ అనను. అత్తమ్మ నిన్ను పెద్దోడు అంటుంది. సాయిలు నిన్ను అన్నా అని పిలుస్తాడు. జబ్బు మాట వస్తుందేమోనని వాడలో ఎవరూ నీ ఊసెత్తరు. నీ పేరు మనింట్లో వినిపించి ఏడాది దాటింది. పిల్ల ఎక్కడ నేర్చుకుంటుంది? బుడ్డి నిన్ను అడుగుతుందా అన్నావు కదా. రోజూ అడుగుతుందని పోయిన ఉత్తరంలో రాశాను. అబద్ధం బావా. దసరా నుంచి అది అడగడం మానేసింది. బాపు అనే మాట దానికి మన పాత బండిలాగా, ఒకప్పుడు ఇంట్లో ఉండేది అన్నంత మాత్రమే మిగిలింది.

మైకు మాట వాగు అవతలికి కూడా వినిపించింది. అత్తమ్మ ఆదరాబాదరా వచ్చింది. ముందు బుడ్డిని ఎత్తుకుని తడిమి చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "నోట్లకెల్లి ఎట్లొచ్చిందే నీకు? ఆడ మంచాన వడి ఉన్నోని పేరు లోకమంత ఇనబడేటట్లు ఎట్ల అరిచినవే? నా తోడబుట్టినోని బిడ్డవని తెచ్చుకుంటి" అంది. అంతే. ఆ మాట తర్వాత ఇంతవరకు నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేను వండింది తినడం లేదు. తన సంకటి తనే గెలుక్కుంటుంది. సాయిలు మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు మేతకు పోయాడు. ఇంట్లో ఇద్దరు పెద్ద మనుషులం, రెండు పొయ్యిలు. మాట్లాడాలంటే గొర్రెపిల్లతో మాట్లాడుతున్నాను.

జాతర మర్నాడే నీ ఉత్తరం వచ్చింది. చదివేదాన్ని నేనొక్కదాన్నే కదా. అత్తమ్మ నాకు వీపు పెట్టి ఉన్ని విడదీస్తూ కూర్చుంది, కానీ చెవులు ఇటే ఉన్నాయి. పైకి చదివాను. కోత మాట దగ్గరికి వచ్చేసరికి ఆపేసి, "మందులు పని చేస్తున్నయట" అని లేని మాట కలిపి చదివాను. నిన్న అన్నదానికే ఆమె కూడు మానుకుంది. నేడు నీ పక్కటెముకలు తీస్తారని ఎట్లా చదవను? అందుకని ఆ సంగతి ఈ ఊరిలో నాకొక్కదానికే తెలుసు. నేను పేరు అనడం, ఆ మర్నాడే ఆ కబురు రావడం. నా నోరే నిన్ను కోతకు పంపుతుందేమోనని ఎన్ని రోజులు భయపడ్డానో. నువ్వు నా మాట అడిగావు, నేను వద్దు అని రాయడానికే కూర్చున్నాను.

తర్వాత తర్వాత కాస్త బుద్ధి నిలబడింది. పొరుగు గుర్వమ్మ అవ్వను చూడు. జన్మలో మొగుని పేరు పలకలేదు. పలకడం అటుంచి, ఆ పేరులోని అక్షరం వస్తుందని బియ్యాన్ని కూడా ఇంకో పేరుతో పిలిచేది. ఆయన ముప్పై ఏళ్లకే పాము కరిచి పోయాడు. ఆ దేవుడికి లెక్క తెలిస్తే ఆమె నోటికి మెచ్చి నూరేళ్లు ఇవ్వాల్సింది.

ఇంకో సంగతి. ముసలాయన దగ్గర నేర్చుకున్న నీ పేరును బుడ్డి వదలడం లేదు. ఇల్లంతా తిరుగుతూ, పాకలోకి తొంగి చూస్తూ, నీ పేరు పెట్టి పిలుస్తోంది. పిల్ల కాబట్టి ఎవరూ అడ్డం చెప్పరు. నిన్న అత్తమ్మ పాక ముందు కూర్చుని ఉండగా అది అట్లాగే కేక వేసింది. అత్తమ్మ చేతిలో ఉన్ని కింద పెట్టి, "ఇంకోపారి అను బిడ్డా" అంది. అది అన్నది. "ఇంకోపారి" అంది. కొంగు మొహం మీదికి లాక్కుని ఎంతసేపు కూర్చుందో. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. ఆ పేరు వినక ఆమె ఎంత మొహం వాచిపోయిందో నాకు అప్పుడు తెలిసింది. పోయి పక్కన కూర్చుందామనుకున్నాను కానీ ధైర్యం చాలలేదు.

బుడ్డి ఇప్పుడు రోజూ నిన్ను అడుగుతోంది. ఈ మాట నిజం. నువ్వు ఎంత పొడుగుంటావు, పొట్టేలుకు నువ్వు గుర్తున్నావా, దవాఖానలో కూడా గొర్రెలుంటాయా అని ప్రాణం తీస్తోంది.

కవరు మీద రాత చూసి నువ్వు ముందే కనిపెట్టి ఉంటావు. ఇన్నాళ్లూ లోపల ఉత్తరం నేను రాసి, పైన నీ పేరు మాత్రం బడి పంతులు గురవయ్య సారుతో రాయించేదాన్ని. ఈసారి ఆయన దగ్గరికి పోలేదు. నాలుగు దిక్కులకు వినిపించేటట్టు అన్నదాన్ని, కాగితం మీద రాయడానికి సిగ్గు దేనికి?

నా జవాబు ఇది. సంతకం పెట్టు బావా. నీ చేత్తో నీ పేరు, ఒక్క అక్షరం తప్పకుండా, గట్టిగా ఒత్తి రాయి. భయపడితే ఇద్దరం భయపడదాం, నువ్వు అక్కడ, నేను ఇక్కడ. కోత ఏ రోజో రాయి. ఆ రోజు పొద్దున అత్తమ్మకు అంతా చదివి చెబుతాను, తిట్టినా కొట్టినా పడతాను. ఆ రోజు మొత్తం నీ పేరు అంటూనే ఉంటాను. అది పాపమైతే నా ఆయుష్షులో కోసుకోమని ఆ దేవుడికి చెప్పుకున్నాను. నువ్వు నయమై ఇంటికి వచ్చాక ఇక ఆ పేరు నా నోట రాదు. ఎదురుగా కూర్చుని సంకటి తినే మనిషిని పేరు పెట్టి ఎందుకు పిలవాలి?

ఇట్లు,
ఎల్లేశం భార్య
జానమ్మ